కంకణం ఉన్నంతవరకు

ఈ ఆసుపత్రి కౌంటరు అద్దం పగలాలంటే ఏం కావాలి? కుర్చీలను నేలకు బోల్టులతో బిగించేశారు, మాలాంటివాళ్ళు వచ్చి కూర్చుంటారని తెలిసే బిగించి ఉంటారు. నా చేతిలో ఉన్నది ప్లాస్టిక్ నీళ్ళసీసా, దానితో దోమ కూడా చావదు. గోడకు మంటలార్పే ఎర్ర సిలిండరు తగిలించి ఉంది. దాని అడుగుతో ఒక్కటి వేస్తే అద్దమంతా లోపల కూర్చున్న ఆ అమ్మాయి ఒళ్ళోకి రాలుతుంది. గోవిందా, గోవిందా, ఏం ఆలోచన ఇది. పొద్దున తలస్నానం చేసి నామం పెట్టుకుని, దేవుడి ముందు దీపం వెలిగించి వచ్చిన మనిషిని నేను. నా జన్మలో ఎవరినీ చెంపదెబ్బ కొట్టలేదు. అలాంటిది ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి నా చేతులు ఏదో ఒకటి విరవాలని చూస్తున్నాయి, సీసా మూత నలిపేశాను, చొక్కా బొత్తం పీకేశాను. ఆ అమ్మాయి చెడ్డది కాదు. పేరు సునయన అని మెడలో కార్డు చెబుతోంది. పొద్దున నేను అరవంలో తడబడుతుంటే, "మీరు తెలుగా అంకుల్? మాది కావలి" అని నవ్వి, నిదానంగా విడమరచి చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళ మనిషి ఒకాయన వస్తాడు, మీ ఆవిడ ఎలా కాలిందో అడుగుతాడు, ఆయన సరేనని పంపితే డబ్బు మంజూరవుతుంది, మంజూరైతేనే ఆపరేషను థియేటరులోకి తీసుకెళతారు, లేదా మొత్తం మీరే ఇప్పుడు కట్టాలి అని. ఎలా కాలిందో. కాలింది అనే మాటను ఆ అమ్మాయి ఎంత సులువుగా అనేసింది. నేను చెవులు మూసుకోబోయాను.

రెండో అంతస్తులో కమలాంబ ఉంది. నడుము నుంచి కిందికి కాళ్ళు రెండూ గుడ్డలో చుట్టి ఉన్నాయి, కుడి అరచెయ్యి కూడా. డ్రెస్సింగు మార్చేటప్పుడు నన్ను బయటికి పంపేస్తారు, కానీ తలుపు అరుపుల్ని ఆపదు. అరుపు కూడా కాదు అది, మా వీధిలో ఒకసారి పాత మేడ కూల్చేటప్పుడు ఇనుపచువ్వను కాంక్రీటులోంచి లాగుతుంటే వచ్చిన చప్పుడు లాంటిది. చచ్చిన చర్మమంతా గీకి తీసేసి, వీపు మీద నుంచి మంచి చర్మం ఒలిచి కాళ్ళకు అతకాలని పెద్ద డాక్టరు చెప్పాడు. ఒలిచి అనే అన్నాడు. ఇవాళే చేయాలి, జ్వరం మొదలైంది, ఆలస్యమైతే చీము రక్తంలోకి పోతుంది, ప్రభుత్వాసుపత్రికి మార్చుకుంటామంటే ఈ స్థితిలో కదిలించడం నా బాధ్యత కాదు అన్నాడు. ముఖ్యమంత్రి బీమా కార్డు ఉందా అని అడిగారు. వాషర్‌మెన్‌పేటలో లైనింగు గుడ్డ హోల్‌సేలు కొట్టు ఉన్నవాడికి ఆ కార్డు రాదు. కొట్టు ఉన్నవాడు గొప్పవాడని లెక్క. థియేటరు ఖాళీగానే ఉంది, నేను చూశాను, తలుపు సందులోంచి పెద్ద దీపం తెల్లగా కనబడింది. కత్తులు కడిగి పెట్టే ఉంటారు. మధ్యలో ఉన్నది ఒక్క మాట. ఆ మాట నేను అనాలి. ఇన్నాళ్ళుగా నేను అనలేదు.

మా గుడి నిప్పులగుండం పండగ సాయంత్రం క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు అడిగాడు, నిప్పుల్లో పడిందా అని. నేను పాలగుంట బురదతో, పసుపునీళ్ళతో, ఒంటి నిండా బూడిదతో ఊగిపోతున్నాను. పడలేదు సార్ అన్నాను. తనంతట తానే దిగింది, మనసారా దిగింది, అమ్మ కూర్చోబెట్టుకుంది అన్నాను. గర్వంగానే అన్నాను, ఎందుకు దాచాలి. ఆ కుర్రాడు ఇంగ్లీషులో అదే రాశాడు, తనంతట తాను నిప్పుల్లోకి దిగి కూర్చుంది అని. కాగితం ఎక్కడికో వెళ్ళింది. తమను తాము తగలబెట్టుకునే వాళ్ళకు మేము డబ్బు కట్టం, మళ్ళీ విచారించమంటే మా మనిషిని పంపుతాం అని అటునుంచి జవాబు వచ్చింది. దానికంటే ముందే ఆసుపత్రిలో కాపలా ఉండే పోలీసు వచ్చాడు, ఏళుమలై అని, పెళ్ళాన్ని తగలబెట్టి సామి పేరు చెబుతున్నావా అన్నాడు అరవంలో, నా చొక్కా కాలరు పట్టుకుని గోడకు నొక్కి. నా నోరు వాసన చూశాడు, చేతులు వాసన చూశాడు, కిరసనాయిలు కోసం. నా బిడ్డ శ్రుతి ఫోను తీసి ఎవరో పంపిన వీడియో చూపిస్తే వదిలిపెట్టాడు. ఆ వీడియో ఇప్పుడు పేటంతా తిరుగుతోంది. పక్కనుంచి తీసింది. అందులో చూస్తే కూర్చున్నట్టూ ఉంది, పడినట్టూ ఉంది. జనం తలలు, పొగ, పసుపుచీరలు. నేను మాత్రం గుండం అవతలి గట్టున, ఎదురుగా ఉన్నాను. నాకు ఆమె మొహం కనబడింది.

మా ద్రౌపదమ్మ గుడిలో కంకణం కట్టుకున్నవాళ్ళ గురించి కొన్ని మాటలు అనకూడదు. నిప్పులు తొక్కి కాళ్ళు బొబ్బలెక్కితే కాలింది అనరు, అమ్మ ముద్దు పెట్టుకుంది అంటారు. తూలి కింద పడితే పడింది అనరు, అమ్మ కూర్చోబెట్టుకుంది అంటారు. కంకణం విప్పే దినం దాకా ఇంటివాళ్ళ నోట ఆ మాటలు రాకూడదు. వస్తే మొక్కు చెల్లదు. చెల్లని మొక్కు ఎవరికోసం మొక్కారో వాళ్ళ మీదికే తిరిగి వస్తుంది. మా నాయన చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. అమ్మ చెప్పిందా? అమ్మ ఎవరికైనా చెప్పిందా, తల్లీ, నా గుండంలో పడినవాళ్ళను పడ్డారని అనకండి అని? లేక పడినవాళ్ళ ఇళ్ళల్లో నోళ్ళు మూయించడానికి మనుషులే అనుకున్నారా? ఇలా అడగడం తప్పేమో నాకు తెలియదు. ఎస్సెల్సీతో ఆపినవాడిని, శాస్త్రం తెలిసినవాడిని కాదు. అడుగుతున్నాను, అంతే. అడిగితే కోపగించేది తల్లి ఎలా అవుతుంది.

మొక్కు నా కోసం. అది ఇక్కడ కూర్చున్న ఎవరికీ తెలియదు, ఈ అద్దానికి తెలియదు, నా ఎడమ రొమ్ముకు తెలుసు. పోయిన ఏడు నాకు గుండెపోటు వచ్చినప్పుడు ఇదే ఇన్సూరెన్సు, ఇలాంటిదే ఒక కౌంటరు. పాలసీ అమ్మిన పాల్‌రాజ్ మా వీధివాడే, తల తిరుగుడుకు మాత్ర వేసుకుంటున్నావని చెప్పొద్దన్నా, ప్రీమియం పెంచేస్తారు అన్నాడు. చెప్పలేదు. గుండెకు స్టెంటు పెట్టాల్సి వచ్చినప్పుడు వాళ్ళు ఆ మాత్రను ఎలాగో తవ్వి తీశారు, రోగం దాచావు, పైసా ఇవ్వం అన్నారు. అప్పుడు కమలాంబ పురసవాక్కం నగల కొట్టుకు వెళ్ళి ఒంటి మీది బంగారమంతా ఒలిచి ఇచ్చేసింది. ఒలిచి. ఇవాళ ఈ మాట నన్ను వదలడం లేదు. బంగారం అయ్యాక ఇంకేం మిగల్లేదు ఆమె దగ్గర, మిగిలింది కాళ్ళు. ఆపరేషను గది బయట నిలబడి ద్రౌపదమ్మకు మొక్కింది, ఈయన బతికి బయటికి వస్తే గుండం తొక్కుతాను అని. ఇన్సూరెన్సు వాడు అప్పుడు డబ్బు కట్టి ఉంటే ఆమె ఒక చీర పెట్టి, పొంగలి పెట్టి ఊరుకునేది. వాడు ఇవ్వనన్నదాన్ని అమ్మ దగ్గర అడిగింది. ఇప్పుడు అమ్మ దగ్గర చెల్లించిన దాని గురించి వాడే వచ్చి అడుగుతున్నాడు, నువ్వెందుకు నిప్పుల్లోకి దిగావు అని. తిరిగి తిరిగి ఇద్దరి మధ్య కాలేది కమలాంబ. చూడు, అనేశాను. మనసులో అంటే అన్నట్టు కాదు. నోటితో అంటేనే. చెయ్యి రొమ్ము మీదికి పోయింది. కొట్టుకుంటోంది. సరిగానే కొట్టుకుంటోంది.

ఇదీ నా భయం. మొక్కు చెల్లకపోతే వచ్చేది ఎవరి మీదికో నాకు తెలుసు.

పొద్దుటినుంచే చింతమొద్దులు, వేపమొద్దులు పేర్చి కాల్చారు, సాయంత్రానికి గుండమంతా ఎర్రగా, నాలుక చాపినట్టు ఉంది. గట్టున నిలబడితే కనుబొమల వెంట్రుకలు ముడుచుకుపోయేంత సెగ. డప్పులు చెవుల్లో కాదు, పొట్టలో మోగుతున్నాయి. నెత్తిన పూలకుండ, కరగం, ఎత్తుకున్నవాడు దాటాడు, మగవాళ్ళు దాటారు, బిడ్డల్ని భుజాన వేసుకుని దాటారు, దాటి, కాళ్ళు చల్లారడానికి పాలు పోసి ఉంచిన పాలగుంటలో దబదబ దూకారు. తరువాత ఆడవాళ్ళు. కమలాంబ తెల్లవారుజాము నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదు. నవ్వుతూనే దిగింది, అది నిజం. నడిమధ్యకు వచ్చాక మోకాలు మడతపడిపోయింది. ఎండుకర్ర మీద కాలు వేసి తొక్కితే విరుగుతుందే, అలాగ. నవ్వు మొహం మీద ఉండగానే మనిషి కిందికి పోయింది, కుడిచెయ్యి నిప్పుల్లోకి మణికట్టు దాకా దిగబడింది, నోరు తెరిచింది. అరుపు నాకు వినబడలేదు, గోవిందా గోవిందా అని జనమంతా ఒక్కసారి గొంతెత్తారు, ఎవరైనా తూలితే అలా గొంతెత్తాలి, అది కూడా మా ఆచారమే. వెనుక వస్తున్నవాళ్ళు ఆగలేరు, ఆగితే వాళ్ళ కాళ్ళు పోతాయి. ఒక ఆవిడ కమలాంబ చీరకొంగు తొక్కి దాటింది. లేవబోయినామె మళ్ళీ కింద పడింది. పడింది, పడింది, ఆమె లేవాలని చూసింది. నా కళ్ళల్లోకి చూసింది. నేను చేతులెత్తి గోవిందా అని అరిచాను. పేరు పెట్టి పిలవలేదు. దూకలేదు. కమిటీ కుర్రాళ్ళు ఇద్దరు రెక్కలు పట్టి చేపను ఈడ్చినట్టు ఈడ్చి పాలగుంటలో వేశారు, పాలు చుయ్యిమన్నాయి, వాసన వచ్చింది, ఆ వాసన వంటింట్లోది కాదు, శ్మశానానిది కాదు, రెంటికీ మధ్యది. జనం ఆమె మీద పసుపు చల్లి చెంపలు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను.

క్యాజువాలిటీలో నర్సు చీర కత్తిరించి తీస్తుంటే గుడ్డ రాలేదు. తొడకు పట్టుకుని సాగింది, నల్లటి జిగురులా. అప్పుడు తెలిసింది నాకు. జీవితమంతా గుడ్డ అమ్మినవాడిని, పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తే నూలు బూడిదై రాలుతుందనీ, కల్తీది కరిగి ముద్దవుతుందనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ ఏడు కమిటీవాళ్ళు మొక్కున్న ఆడవాళ్ళందరికీ ఒకే రకం పసుపుచీరలు ఎక్కడినుంచో చవకగా తెప్పించి పంచారు. నూలు కాదు. అది ఒంటి మీద కరిగింది. నిప్పులు ముట్టింది ఒక్క క్షణమైతే, ఆ చీర అంటుకుని ఉన్నది ఆసుపత్రి దాకా. అమ్మ ముద్దు పెట్టుకుంది అనాలి దీన్ని. కల్తీ పోగు కూడా అమ్మ ముద్దేనా? కమిటీలో ఎవరి గొంతు పట్టుకోవాలి? నా రెండు బొటనవేళ్ళూ ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటున్నాయి, మధ్యలో ఎవరిదో మెడ ఉన్నట్టు.

ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను. వెంకటాచలం. మా చిన్నక్క మొగుడు, గుడి కమిటీకి పెద్ద.

"మునిరత్నం, బావను మాట్లాడతా వుండా. ఎట్టుంది చెల్లెలికి?"

"జొరం వొచ్చింది బావా. ఆపరేషన్ అంటా వుండారు."

"అమ్మ చూసుకుంటాది. ఆ ఇన్సూరెన్సు వాడు వొచ్చి అడిగితే నువ్వు జాగర్తగా మాట్లాడల్ల. గుండంలో పడిందని మాత్రం నోరు జారొద్దు. ఆచారం ఒకటి, ఇంకోటి యేమంటే, అట్ట రాసుకున్నారంటే కార్పొరేషన్ దాకా పోతాది, వొచ్చే ఏడు పర్మిషన్ ఇవ్వరు. గుడి పేరు చెడిపోతాది, తెలిసిందా?"

"మరి డబ్బుకేం చేసేది బావా? కమిటీ తరపున యేమన్నా..."

"చూస్తాం చూస్తాం, పండగ లెక్కలు ముగియనీ. అది వుండనీ, మొక్కు యెవురికోసమో నీకు ఞాపకం వుంది గదా? నీ మంచికే చెప్తా వుండా. కంకణం విప్పినాక నువ్వు యేమైనా చెప్పుకో."

కంకణం విప్పేటప్పటికి ఆమె ఉంటుందా అని అడగలేదు. నాకు ఞాపకం ఉంది గదా అని అంత ప్రేమగా అడిగితే, ఉంది బావా అని ఫోను పెట్టేశాను. కమలాంబ ఎడమచేతికి సూది ఎక్కించి చెయ్యి ఉబ్బినప్పుడు నర్సు కత్తెర తెచ్చింది, కంకణపు పసుపుతాడు కండలోకి దిగుతోంది తీసేస్తాను అని. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెలితిప్పాను. కత్తెర నేల మీద పడి టంగుమంది. ఇద్దరం భయపడ్డాం, నన్ను చూసి నేను ఎక్కువ భయపడ్డాను. ఎవరి కోసం మెలితిప్పానో ఇప్పుడు ఆలోచిస్తుంటే సిగ్గుగా ఉంది. ఆమె మొక్కు కాపాడానని అనుకున్నాను. కాపాడుకున్నది ఏమిటి నేను? మళ్ళీ ఫోను. శ్రుతి.

"నాయనా, ఆ ఆళు, ఆ ఇన్సూరెన్సు మనిషి, వొచ్చినాడా?"

"ఇంకా లేదమ్మా."

"వొస్తే ఒళుంగా, సరిగ్గా చెప్పు. అమ్మ కింద విళుందాంగ, అంతే దా. పడింది అని చెప్పేదానికి నీకేం కష్టం? పొయ్ కూడ ఇల్లయే, అబద్దం గూడా కాదు, నిజమే గదా!"

"ఆ మాట అనకూడదమ్మా, కంకణం..."

"అయ్యో, కంకణం, కంకణం! ఆడ అమ్మ తోలు వూడొస్తా వుంది, నీకు మాట ముఖ్యమా? నేను ఈడ పురసవాక్కంలో నిలబడుకోనుండా, నా చైను తూకం వేస్తా వుండాడు. నీ గుండెకు అమ్మ నగలు పోయినాయి, అమ్మ తోలుకు నా నగ పోతాది. ఇంక మనింట్లో ఎవురికీ జబ్బు రాకూడదు నాయనా, నగలు లేవు."

నవ్వింది. ఏడవలేక నవ్వింది. అరవంలో పక్కవాడితో ఇంకా కొంచెం ఇవ్వండన్నా అని బేరమాడుతూనే ఫోను పెట్టేసింది. నేను కన్న బిడ్డ, నన్ను చంపేయాలని ఉండి ఉంటుంది దానికి. నాకు దాని మీద కోపం రావాలి, రాలేదు. కోపమంతా చేతుల్లోకి దిగి అక్కడే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక. ఎవడి మీద పెట్టేది? వచ్చేవాడి మీదా, పాల్‌రాజ్ మీదా, బావ మీదా, దేవుడి మీదా? ఎవరిని అడిగినా ఇంకొకరిని చూపిస్తారు. డాక్టరు కౌంటరును చూపిస్తాడు, కౌంటరు కంపెనీని చూపిస్తుంది, కంపెనీ నా మాటను చూపిస్తుంది, నా మాట మా నాయనను చూపిస్తుంది.

సిలిండరు గోడ మీద నుంచి లేచింది. నేను లేవలేదు. నా పక్క వరసలో పొద్దుటినుంచి తల వంచుకుని కూర్చున్న కుర్రవాడు ఎప్పుడు లేచాడో, కౌంటరు దగ్గర ఏదో అరవంలో అడుగుతున్నాడు, వాడి అన్న శవం కింద గదిలో ఉంది, నిన్న మంజూరు చేసిన డబ్బు ఇవాళ లేదన్నారట, బిల్లు కట్టేదాకా శవం ఇవ్వరట. సునయన, సార్ సార్ అంటోంది. వాడు రెండు చేతులతో సిలిండరు ఎత్తి వేశాడు. అద్దం మొదటి దెబ్బకు సాలెగూడైంది, రెండో దెబ్బకు కురిసింది. నేను నిలబడి ఉన్నాను. పిడికిళ్ళు బిగించి, పళ్ళు బిగించి, వెయ్యి, ఇంకోటి వెయ్యి, వెయ్యరా అంటున్నాను, తెలుగులో, గట్టిగా. ఎంత హాయిగా ఉందో చెబితే పాపం. ఒళ్ళంతా గుండం దాటినవాడిలా తేలికైంది. సెక్యూరిటీవాళ్ళు నలుగురు వచ్చి వాడిని నేలకు కొట్టారు, ఒకడు బెల్టు తీసి మొహం మీద కొట్టాడు, ఒకడు వీపు మీద మోకాలు పెట్టాడు, వాడు గాజుపెంకుల మీద మొహం పెట్టుకుని అణ్ణా అణ్ణా అని అన్నను పిలుస్తున్నాడు, చచ్చినవాడిని. వాడిని ఈడ్చుకుపోయారు. రెక్కలు పట్టి. అలాగే ఈడ్చారు ఆమెను కూడా. నేను అప్పుడూ గట్టున ఉన్నాను, ఇప్పుడూ గట్టునే ఉన్నాను. నా నోరు మాత్రం రెండుసార్లూ అరిచింది.

లోపల సునయన నుదురు చీలి రక్తం కంట్లోకి కారుతోంది. భుజం మీది తుండు తీసి కౌంటరు మీదుగా వంగి ఆమె నుదుటికి అదిమిపెట్టాను. ఆమె దాన్ని పట్టుకుని నా వైపు చూసింది.

"పోయినవారం ఒకాయన మొహాన ఉమ్మేశాడంకుల్. నేనేం చేసేది చెప్పండి? నేను కాదన్నానా? మా అమ్మకే డయాలసిస్, మా కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులు లేరంట. నేనెవరి అద్దం పగలగొట్టాలంకుల్?"

గట్టిగా పట్టుకోమ్మా అన్నాను. నా తుండు ఎర్రబడిపోతోంది. ఇందాక ఈ రక్తం కావాలనే కదా నేను కూర్చుని ఆలోచించాను. ఎవరు చేస్తేనేం, నా మనసు ముందే చేసింది. ఆ రక్తం వేడిగా నా వేళ్ళ సందుల్లోంచి దిగుతుంటే పూజలో కూర్చున్నప్పుడు ఎన్నడూ రానంత స్పష్టంగా ఒకటి తోచింది, నేను దేవుడికి భయపడుతున్నానని ఇంతకాలం అనుకున్నాను, నేను నా చావుకు భయపడుతున్నాను. ఆ పిల్ల ఎడమకన్ను తుడుచుకుని లిఫ్టు వైపు చూసి, "అదిగో అంకుల్, మీ కేసు ఆయన వచ్చాడు. జారి పడిందని చెప్పండంకుల్. ఒక్క ముక్క. దండం పెడతాను" అంది. నుదురు చీలి కూర్చున్న మనిషి నాకు దండం పెడుతోంది.

అతను గాజుపెంకుల మీదుగా జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. ఇక్కడ ఏమైందని అడగలేదు, చూడటం అలవాటేమో. శ్రీకుమార్ అని పేరు చెప్పాడు. మలయాళపు యాసతో అరవం. చిన్నవాడే, మర్యాదగానే ఉన్నాడు, నేను పళ్ళు రాలగొట్టాలని పొద్దుటినుంచి అనుకున్న మనిషికి మొహం ఇలా ఉంటుందనుకోలేదు, గడ్డం గీసుకునేటప్పుడు తెగిన చిన్న గాటు కూడా ఉంది. మీరు ముందే చెప్పింది ఉంది సార్, నేను పేషంటునే అడగాలి, స్పృహలో ఉన్నారు కదా అన్నాడు. నేను వెంట నడిచాను. లిఫ్టులో అద్దంలో నా నామం చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది. ఆమె చెప్పదు. నాకు తెలుసు. కమలాంబ నాకంటే నిష్ఠాపరురాలు, ప్రాణం పోయినా ఆ మాట అనదు, అమ్మ కూర్చోబెట్టుకుంది అంటుంది, వీడు దాన్ని రాసుకుంటాడు, థియేటరు దీపం ఆర్పేస్తారు. నేను ముందుగా చెప్పేయాలి. లిఫ్టు తలుపు తెరిచేలోగా చెప్పేయాలి. రొమ్ములో కుడుతోందా? లేదు. కుడుతోందా?

మా ఇద్దరికీ ముసుగులు కట్టారు, పైన గౌను తొడిగారు. గదిలో చల్లగా ఉంది, ఆ చలిలో కూడా ఆ వాసన. ఆమె మొహానికి ఏమీ కాలేదు, అది ఇంకా కష్టం, మొహం చూస్తే మామూలు కమలాంబ. పెదవులు పగిలి రక్తం గడ్డకట్టాయి. పసుపుతాడు మణికట్టు ఉబ్బులో సగం మునిగి ఉంది. శ్రీకుమార్ దగ్గరగా వంగి, అమ్మా, నిప్పుల్లో మీరుగా కూర్చున్నారా, పడ్డారా అని అరవంలో అడిగాడు. ఆమె అతన్ని చూడలేదు. ముసుగు వెనక నన్ను గుర్తుపట్టి, నా వైపే చూస్తూ చెప్పింది. పుట్టినప్పటినుంచి అరవం మాట్లాడిన మనిషి, జ్వరం వచ్చాక తెలుగే వస్తోంది.

"పడినాను. మోకాలు సత్తవ పోయింది, ఆణ్ణే పడినా. లెయ్యాలని చూసినా. ఎవురో కొంగు తొక్కినారు, మళ్ళీ పడినా. కాలింది. అమ్మా, యెంత కాలిందో. కేకలు పెట్టినా, పెట్టినా, ఎవురూ వినలేదు."

శ్రీకుమార్ నా వైపు తిరిగాడు. "ఎన్న సొల్రాంగ సార్?"

ఏం చెబుతోందని అడుగుతున్నాడు. గదిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కడినే. కంకణం చేతికుండగా ఆమె అనేసింది, తన మొక్కును తానే తెంపేసింది, అయినా ఇంకా అది ఇద్దరి మధ్యే ఉంది, నేను నోరు మూసుకుంటే ఈ గది దాటదు. అమ్మ కూర్చోబెట్టుకుందంటోంది సార్ అని చెప్పవచ్చు. నొప్పిలో ఏదేదో అంటోంది సార్ అని చెప్పవచ్చు. నా గుండె నాకు వినబడింది, చెవుల్లో, డప్పులా, ఆ సాయంత్రపు డప్పులా కాదు, చిన్నగా, దొంగలా. దీని కోసమా? ఇది ఇంకొన్నేళ్ళు కొట్టుకోవడానికా ఆమె చర్మం? తల్లీ, నీకు తెలియాలి, నేను నిన్ను కాదనడం లేదు. తీసుకుంటే తీసుకో.

"విళుందుట్టాంగ సార్," అన్నాను. "కాల్ మడంగి విళుందుట్టాంగ. పడింది. కాలింది." అరవంలోనూ తెలుగులోనూ కలిపి అన్నాను, గట్టిగా, నర్సు తిరిగి చూసింది. నేను కింద పడలేదు. రొమ్ములో అది కొట్టుకుంటూనే ఉంది, ఏమీ జరగనట్టు, సిగ్గులేనట్టు.

శ్రీకుమార్ చేతిలోని పలక మీద వేలితో ఏదో నొక్కుతున్నాడు. కమలాంబ ఇంకా నన్నే చూస్తోంది.

"మీరు ఎదురుగానే వుండారు. నా మొగం చూస్తానే వుండారు. చూసి, గోవిందా అన్నారు."

ఇప్పుడేమంటోంది అని మళ్ళీ అడిగాడు శ్రీకుమార్, తల ఎత్తకుండానే. నేను చెప్పాను. నేను చూశానంటోంది సార్, పడటం చూసి కూడా దూకలేదంటోంది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు నేను, అది కూడా రాసుకోండి అన్నాను. అతను చెయ్యి ఊపాడు.

"అదెల్లాం వేణ్డాం సార్. విళుందాంగన్ను సొన్నాంగళే, పోదుం."

పడిందన్నారు, చాలు, తక్కినవి అక్కర్లేదు. నర్సుతో థియేటరుకు చెప్పమని చెప్పి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. నేను మంచం దగ్గరికి జరిగాను. ఎక్కడ ముట్టుకుంటే నొప్పి ఉండదో తెలియలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది కమలాంబ.

"బయ్యమేసింది."

"ఎవురికోసరం?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. నీ కోసమే, నీ మొక్కు కోసమే.

"నా కోసరం," అన్నాను. "నా పాణం కోసరం."

బయట స్ట్రెచరు చక్రాల చప్పుడు దగ్గరికి వస్తోంది. ఇద్దరు మనుషులు తలుపు తోసి లోపలికి వచ్చి, నా వెనక ఆగారు.

"సరే," అంది కమలాంబ. "జరగండి. వాళ్ళకు దోవ ఇయ్యండి."